ఆత్మకూరు నుంచి మన్ననూరు దాకా

ఆత్మకూరు, శుక్రవారం

కర్నూలు వైపు వెళ్ళినవాళ్ళు ఉగ్గాణి తినకుండా ముందుకు కదలకూడదని మా బావ పెట్టుకున్న నియమం. ఆత్మకూరు బస్టాండు పక్క సందులో రేకుల కింద ఒకామె పెద్ద బేసిన్‌లో బొరుగులు తడిపి, రెండు చేతులతో పిండి తాలింపులో వేస్తోంది. ఉల్లిపాయ, టమాటా, పసుపు, చివర్లో పుట్నాల పొడి. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ప్లేటు నలభై రూపాయలు. బావ రెండు ప్లేట్లు తిని, మూడోది అడగబోయి నా మొహం చూసి ఆగాడు.

"యాడికి పోతాండారు సామీ?" అందామె. బైర్లూటి అని చెప్పాం. "పులి కోసమా? నాకు యాభై ఏండ్లొచ్చె. ఈడ్నే పుట్టి ఈడ్నే పెరిగితి. నేనింకా సూడ్లేదు."

మేం వెళ్ళింది పులి కోసం కాదు. కనిపిస్తే వద్దనం, అది వేరే సంగతి. ఉగాదికి వారం పది రోజుల ముందు కన్నడ భక్తులు వేలమంది నల్లమల లోపలి దారిన శ్రీశైలానికి నడిచి వెళ్తారు. ఆ దారి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోంచే పోతుంది. చెంచు గూడేలున్నదీ ఆ అడవిలోనే. పైగా అది ఆకు రాలి ఎండిపోయే కాలం, బీడీ ముక్క పడితే చాలు అంటుకుంటుంది. యాత్రికులూ చెంచులూ ఫారెస్టువాళ్ళూ నిప్పూ ఒకేచోట ఉండే ఆ రోజుల్లో అడవిని ఎవరు ఎలా కాస్తున్నారో దగ్గరగా చూడాలని ఎప్పటినుంచో ఉంది.

ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. 2014లో రాష్ట్రంతో పాటు అడవినీ పంచారు, కృష్ణకు అవతల తెలంగాణ వైపున్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. పులికి ఈ పంపకాలతో పనిలేదు. చెంచులకూ పెద్దగా లేదు, మేనరికాలు నది రెండు ఒడ్డుల మధ్యా నడుస్తూనే ఉన్నాయి.

బయల్దేరే ముందు నన్నారి (సుగంధి వేర్ల) షర్బత్ తాగాం, గ్లాసు ఇరవై. బండి అతను నిమ్మకాయ పిండుతూ, ఒకప్పుడు ఈ వేర్లు కట్టలు కట్టలుగా దగ్గర్లోనే దొరికేవనీ, ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుంటున్నాననీ చెప్పాడు. "ఏరు పెరికితే చెట్టు యాడుంటాది అన్నా" అని తనే అని, తనే నవ్వాడు. షర్బత్ మాత్రం చాలా బాగుంది. మనం తాగేదానికీ అడవిలో తగ్గేదానికీ సంబంధం ఇంత సూటిగా ఉంటే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

వెంకటాపురం, నాగలూటి

ఫోన్‌లో మ్యాప్ మమ్మల్ని వెంకటాపురం బదులు సిద్దాపురం చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళింది. కట్ట మీద కారు తిప్పే చోటు లేదు. బర్రెలు తోలుకొస్తున్న ఒక ముసలాయన కర్రతో సైగలు చేస్తూ, "ఎనక్కి, ఇంకా ఎనక్కి, నా బర్రె ఉంది సూస్కో" అంటూ అర కిలోమీటరు రివర్స్ చేయించాడు. టీ తాగమని డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "మల్లన్న కాడికి పోయేటోళ్ళ దగ్గర తీస్కోకూడదు" అన్నాడు. మేం శ్రీశైలం యాత్రికులం అనుకున్నాడు. కాదని చెప్పలేదు, ఆ దారిన పోతున్నాం కదా.

వెంకటాపురం దగ్గర నడక యాత్రికులు కనిపించారు. భుజాన మూట, నడుముకు తువ్వాలు, కాళ్ళకి గుడ్డ పీలికలు. కొందరు కర్రకాళ్ళ మీద నడుస్తున్నారు! ఇక్కడినుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం. రెడ్డిరాజుల కాలం నుంచీ ఉన్న దారి. ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్రలో చదువుకున్నదే.

అడవిలోకి దిగే చోట ఒక బల్ల వేసుకుని నలుగురు వాచర్లు కూర్చున్నారు. ముగ్గురు చెంచులు. వాళ్ళ ముందు రెండు ఖాళీ నూనె డబ్బాలు. ఒకదాంట్లో అగ్గిపెట్టెలు, లైటర్లు, బీడీ కట్టలు. రెండోదాంట్లో ప్లాస్టిక్ సంచులు. ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు వచ్చినవాళ్ళకి వచ్చినట్టు కన్నడంలో చెబుతున్నాడు: "బెంకి బేడ అజ్జీ, ప్లాస్టిక్ బేడ" (నిప్పు వద్దు అవ్వా, ప్లాస్టిక్ వద్దు). ఎక్కడ నేర్చుకున్నావంటే, చిన్నప్పటినుంచీ ఉగాది ముందు వీళ్ళకి నీళ్ళు పోస్తూ నేర్చుకున్నానన్నాడు.

ఒక పెద్దాయన బీడీ కట్ట ఇవ్వనన్నాడు. కుర్రాడు గొడవ పడలేదు. "కట్ట నీ దగ్గరే పెట్టుకో అజ్జా, అగ్గిపెట్టె నాకియ్యి" అన్నాడు. ముసలాయన ఆలోచించి ఇచ్చేశాడు. రెండడుగులు వేశాక విషయం అర్థమై వెనక్కి తిరిగి చూస్తే అందరం నవ్వాం, ఆయనతో సహా.

నాగలూటి వీరభద్రుడి గుడి దగ్గర కర్ణాటక నుంచి వచ్చిన ఒక బృందం అన్నదానం పెట్టింది. జొన్నరొట్టె, వేరుశనగ చట్నీ పొడి, పైన కాస్త నూనె, మజ్జిగ. రొట్టె కాగితంలా పలచగా ఉంది. నా పక్కన కూర్చున్న అవ్వది బాగల్‌కోట్ దగ్గర పల్లె. చెప్పుల్లేకుండా నడుస్తోంది. వచ్చీరాని కన్నడంలో ఎందుకింత కష్టమని అడిగితే, "భ్రమరాంబ మా ఇంటి ఆడపిల్ల, పండక్కి చీర పెట్టాలి కదా" అంది. అంటే మల్లన్న వాళ్ళకి అల్లుడు. నీళ్ళ క్యాన్ మోసుకొచ్చిన చెంచాయన ఆ మాట విని, "మాకూ అల్లుడే. మా పిల్లని చేసుకున్యాడు" అన్నాడు. అవ్వకి నేను చెప్పబోయేంతలో ఆవిడకే అర్థమైంది. "అయితే నువ్వు నాకు వరస అవుతావు, ఇంకొంచెం మజ్జిగ పొయ్యి" అంది.

మజ్జిగ స్టీలు గ్లాసుల్లో పోస్తున్నారు, కడగడానికి మనుషుల్ని పెట్టుకున్నారు. పేపర్ గ్లాసులు వద్దని ఎవరు చెప్పారని అడిగితే, వాచర్లేనని చెప్పారు. నీళ్ళెక్కడివి మరి అంటే ఆ నీళ్ళ ట్యాంకూ వాళ్ళే చూపించారట. వద్దని చెప్పి ఊరుకోకుండా ఇంకో దారి చూపించడం దగ్గరే ఇలాంటి పనులు నిలబడతాయో పోతాయో తేలుతుందని నాకనిపించింది.

బైర్లూటి, శనివారం

కర్నూలు–గుంటూరు రోడ్డు పక్కనే బైర్లూటి. అటవీశాఖ, స్థానికుల కమిటీ కలిసి నడిపే జంగిల్ క్యాంపు ఇక్కడుంది. మా ఇద్దరికీ గది, భోజనాలు, జీపు కలిపి పట్నంలో ఓ మోస్తరు హోటల్‌కయ్యేంత అయింది. రాత్రి రాగి సంగటి, నాటుకోడి పులుసు. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసి, నమలకుండా మింగాలని వడ్డించిన అబ్బాయి చూపించాడు. బావకి వచ్చింది. నాకు రాలేదు.

ఇలాంటి కమిటీలు మన దగ్గర కొత్తవి కావు. ఉమ్మడి రాష్ట్రంలో 1992 నుంచే వన సంరక్షణ సమితులున్నాయి. అభయారణ్యాల్లో వాటినే ఎకో డెవలప్‌మెంట్ కమిటీలంటారు. కాగితం మీద అన్నిచోట్లా ఒకటే నియమావళి. నిజంలో తేడా ఎక్కడొస్తుందంటే, బిల్లు పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందన్న దగ్గర. పేరు చెప్పను గానీ, కొన్నేళ్ళ కిందట ఇంకో అడవిలో ఒక క్యాంపుకి వెళ్ళాం. వంటవాళ్ళు, మేనేజరు, జీపు ఓనరు అందరూ టౌన్ వాళ్ళే. ఆదివాసీలు గేటు తీసి సెల్యూట్ కొట్టడానికి, రాత్రి మంట చుట్టూ ఆడటానికి మాత్రమే. అక్కడా బోర్డు మీద 'ప్రజల భాగస్వామ్యం' అనే రాసుంది. అందుకే ఎక్కడికెళ్ళినా ముందు బిల్లు ఎవరు రాస్తున్నారో చూడటం అలవాటైంది. ఇక్కడ రాసింది పక్క గూడెం అబ్బాయి. డిగ్రీ మధ్యలో ఆపేశాడట. కూడికలు ఫోన్‌లో చేసి మళ్ళీ వేళ్ళ మీద సరిచూసుకున్నాడు.

తెల్లారి ఆరుకి జీపులో బయల్దేరాం. మోదుగ పూలు అయిపోవచ్చాయి, ఇప్ప చెట్ల కింద ఆకు మీద పూలు రాలుతున్నాయి. కణితులు, దుప్పులు, ఒక బెట్టుడుత. కుంట దగ్గర రేచుకుక్కలు నీళ్ళు తాగి మావైపు చూసి పట్టించుకోకుండా వెళ్ళిపోయాయి. పులి రాలేదు.

దాని అడుగు మాత్రం దొరికింది. మాతో వచ్చిన చెంచు ట్రాకరు (నలభై ఐదేళ్ళుంటాయి, నేను అన్నా అని పిలిస్తే ఆయన సారూ అంటాడు, ఎంత చెప్పినా మానలేదు) జీపు ఆపించి దిగాడు. అడుగు చతురస్రంగా ఉంటే మగది, కాస్త పొడుగ్గా ఉంటే ఆడదని నేను పుస్తకంలో చదివిన ముక్క చెప్పాను. "అది సరే సారూ. ఎప్పుడు పోయిందో సెప్పు" అన్నాడు. నాకు తెలీదు. అడుగు మీదుగా చీమల బారు కొత్తగా వేసిన జాడ చూపించాడు, రాత్రి రాలిన ఇప్పపువ్వు అడుగు కింద నలిగి ఉండటం చూపించాడు. "పువ్వు రాలినాక పోయింది, సీమలు లేసేటందుకు ముందు పోయింది. తెల్లారుజామున."

2006 నుంచి దేశమంతా పులుల లెక్కకి కెమెరాలు వాడుతున్నారు. దారికి అటూ ఇటూ ఒక్కో కెమెరా కడతారు, ఎందుకంటే ఒకే పులికి ఎడమ పక్క చారలు ఒక తీరు, కుడి పక్కవి ఇంకో తీరు. ఆ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48 పులులుంటే 2022లో 63. కెమెరా ఏ చెట్టుకి కట్టాలో కంప్యూటర్ గళ్ళు గీసి చెబుతుంది. ఆ గడిలో పులి నిజంగా నడిచే దారి ఏదో మాత్రం ఈయనలాంటివాళ్ళే చెప్పాలి. గస్తీ తిరిగిన దారంతా నమోదయ్యే యాప్ కూడా ఇప్పుడు వీళ్ళ ఫోన్లలో ఉంది. ఈయన చదువుకోలేదు, బొమ్మలు చూసి నొక్కుతాడు.

జీపు చెడిపోయి అరగంట ఆగినప్పుడు పాత రోజుల గురించి అడిగాను. నల్లమలలో నక్సలైట్ దళాలు తిరిగిన కాలంలో ఫారెస్టు సిబ్బంది లోపలికి రావడానికే జంకేవాళ్ళు. 2004లో శాంతి చర్చలకి నాయకులు బయటికొచ్చింది ఈ అడవిలోంచే. "పగలు పోలీసోళ్ళు, రాత్రి అన్నలు. ఇద్దరూ మమ్మల్నే దావ సూపియ్యమనిరి. ఇప్పుడు ఫారెస్టోళ్ళు సూపియ్యమంటాండారు. తేడా ఏమంటే ఈళ్ళు కూలి ఇస్తాండారు" అని చాలా మామూలుగా చెప్పాడు. కూలి బ్యాంకులో పడుతుంది. తీసుకోవాలంటే ఆత్మకూరు పోవాలి, పోతే ఆ రోజు కూలి పోతుంది. బావ బ్యాంకు ఉద్యోగి. అక్కడినుంచి క్యాంపుకొచ్చేదాకా వాళ్ళిద్దరూ ఆధార్, వేలిముద్ర, గూడెంలోనే డబ్బు తీసుకునే దారి గురించే మాట్లాడుకున్నారు. నేను అడవి చూస్తూ కూర్చున్నాను.

పెచ్చెర్వు, అదే మధ్యాహ్నం

పెచ్చెర్వు అడవి నడిబొడ్డున ఉన్న చెంచు గూడెం. ఒక అవ్వ నూలగడ్డలు (అడవి దుంపలు) కాలుస్తోంది. ఒకటి చేతిలో పెట్టి పొట్టు తీసుకోమంది. పిండిగా, కొంచెం తీపిగా ఉంది. గడ్డ తవ్వేటప్పుడు తీగని తెంపకూడదట, తల దగ్గర ముక్క వదిలి మట్టి కప్పేస్తే మళ్ళీ ఊరుతుందట. ఇది ఎవరైనా వచ్చి నేర్పారా అని నేనడిగిన తీరుకి ఆమెకి నవ్వొచ్చింది. "మల్లా ఏడాదికి ఏం తింటాం మరి?"

తపసి చెట్టు జిగురు సంగతి వేరుగా ఉంది. గడ్డ తమ కడుపుకి. జిగురు అమ్మకానికి, గిరిజన సహకార సంస్థ కొంటుంది. ధర బాగున్నప్పుడు చెట్టుకి గాట్లు ఎక్కువయ్యాయి, చెట్లు చచ్చాయి. ఇది దాచకుండా వాళ్ళే చెప్పారు. తర్వాత లోతు తక్కువ గాటు పెట్టడం, మధ్యలో చెట్టుకి విరామం ఇవ్వడం నేర్చుకున్నారు. అడవిబిడ్డలు ఎప్పుడూ తప్పు చేయరనే మాట నాకు నచ్చదు, అది పొగడ్తలా కనిపించే చిన్నచూపు. ధర పెరిగితే ఎవరి చేతికైనా తొందర వస్తుంది. అప్పుడు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు ఉందా లేదా అన్నదే అసలు విషయం.

తేనె ఇంకా సమయం కాదన్నారు. ఎండాకాలం ముదిరాక కొండచరియల మీద పెద్ద తేనెటీగల పట్టులు దించుతారు. తాడుకి వేలాడేవాడు ఒకడు, పైన తాడు కాసేవాడు అతని బావమరిది. అన్నదమ్ముణ్ణి పెట్టరట. ఎందుకని అడిగాను. "తమ్ముడైతే ఆస్తి కోసం వదిలేస్తాడేమో. బామ్మర్దైతే అక్క తాళి కదా, వదల్డు" అన్నాడొకాయన. మా బావ ఆ మాట విన్నప్పటినుంచీ ఎత్తైన చోటుకి వెళ్ళినప్పుడల్లా నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు.

తుమ్మలబైలు, ఆదివారం

దోర్నాలలో ఇడ్లీ తిని ఘాట్ ఎక్కాం. ఈ రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, జంతువులు దాటాలి కదా. మధ్యాహ్నం తుమ్మలబైలు దాటుతుండగా కుడిచేతి వైపు లోయలో పొగ కనిపించింది. మొదట పలచగా, టీ తాగి చూసేసరికి బూడిద రంగులో లావుగా.

రెండు బైకుల మీద వాచర్లొచ్చారు, వెనకే జీపులో బీట్ ఆఫీసరు. పాతికేళ్ళ అమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండేళ్ళేనట. మమ్మల్ని రోడ్డు మీదే ఉండమంది. మేం ఓ వంద గజాలు దిగి బండరాయి మీద నిలబడ్డాం, అక్కడినుంచి అంతా కనిపిస్తుంది.

మంట ఎత్తుగా లేదు. మోకాలి ఎత్తున, కానీ పొడవుగా, ఎండుటాకు మీద పాకుతూ వస్తోంది. పటపటమని శబ్దం. ఇద్దరు పచ్చికొమ్మలు విరిచి అంచున బాదుతున్నారు, ఒకడు వీపున బ్లోయర్ తగిలించుకుని ఆకుని వెనక్కి ఊదుతున్నాడు. గాలి ఒక్కసారి మళ్ళితే బాదినచోటే మళ్ళీ అంటుకుంటోంది. అమ్మాయి ఫోన్‌లో మ్యాప్ చూసి, కిందనున్న ఫైర్ లైన్ (మంట దాటకుండా శుభ్రం చేసి ఉంచిన బాట) దగ్గర ఎదురు మంట పెడదామంది. వాచర్లలో పెద్దవాడు, అరవై దాటిన చెంచాయన, ఏమీ అనకుండా ఆకు పిడికిట్లో నలిపి పైకి విసిరాడు. ఆ పొడి ఎటు పోతోందో చూస్తున్నాడు.

అప్పుడా అమ్మాయి ఫోను జేబులో పెట్టుకుని, "పెద్దనాయనా, నువ్వు చెప్పు. యాడ పెడదాం?" అంది.

ఆయన కింద వద్దన్నాడు. పొద్దు వాలాక గాలి లోయలోకి దిగుతుంది, కింద పెట్టిన మంట మనవైపు రాదు, అవతలికి పోతుంది. పైన బండల వరస దగ్గర పెడితే అది ముందుకు కదలదు, వచ్చే మంటకి మేత ఉండదు. ఆగాలి. ఎంతసేపు? "పొద్దు ఆ మద్దిచెట్టు కిందికి దిగేదాకా."

ఆగారు. ఇక్కడ నాకు టెన్షన్ పెరిగిపోయింది. మంట వస్తుంటే చేతులు కట్టుకుని నిలబడటం చూడలేం. అమ్మాయికి పైనుంచి ఫోన్లు వస్తున్నాయి. "పెద్దాయన ఆగమన్నాడు సార్" అని రెండుసార్లు అంది, మూడోసారి ఫోన్ ఎత్తలేదు. గాలి నిజంగానే మళ్ళింది. బండల దగ్గర చిన్న చిన్న మంటలు పెట్టి, వెనక నిలబడి కాచారు. రెండు మంటలూ కలిసినచోట ఒక్కసారి పైకి లేచి, ఆ తర్వాత కాలడానికేమీ లేక కూలిపోయాయి. ఏడున్నరకి అంతా పొగే.

రోడ్డు మీదికొచ్చాక మా దగ్గరున్న నీళ్ళు, బిస్కెట్లు ఇచ్చాం. అమ్మాయి కనుబొమలు కొంచెం కాలాయి. నిప్పెలా వచ్చిందని అడిగితే, ఇప్పపువ్వు ఏరుకోడానికి చెట్టు కింద ఆకు కాల్చి ఉంటారని ఒకడు, కారులోంచి ఎవరో సిగరెట్ పారేసి ఉంటారని ఇంకొకడు. పెద్దాయన మాత్రం "రెండూ కావొచ్చు" అన్నాడు. పెద్దాయనతో సహా వాళ్ళలో ఇద్దరికి ఇది వేసవి నెలల పని మాత్రమే, వానలు పడితే ఫైర్ వాచర్ల పని ఆగిపోతుంది. మళ్ళీ మార్చిలో పిలుస్తారు. ఆ లోపల ఏం చేస్తారంటే, మిర్చి కోతకి గుంటూరు వైపు పోతామన్నారు.

గాలి ఎటు తిరుగుతుందో అరవై ఏళ్ళుగా చూసిన మనిషి ఏడాదిలో కొన్ని నెలలు మిరపచేలో ఉంటున్నాడు. నల్లమలలో చూసినవాటిలో నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది ఇదే. అడగటం ఆ అమ్మాయి మంచితనం. రేపు ఆమె బదిలీ అయ్యాక వచ్చేవాళ్ళు అడగాలని రూలేమీ లేదు.

శ్రీశైలం, సోమవారం పొద్దున

దర్శనం గురించి రాయను, అందరికీ తెలిసిందే. క్యూలో మూడు గంటలు. పాతాళగంగ మెట్ల దగ్గర మిరపకాయ బజ్జీ ఆత్మకూరు బజ్జీకి దగ్గరికి కూడా రాదు, పైగా ముప్పై రూపాయలు ఎక్కువ. గుడి ముందు మండపం దగ్గర బాగల్‌కోట్ అవ్వ కనబడింది! కాళ్ళు పగిలి ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది. చీర పెట్టేశానని సైగ చేసి చెప్పింది.

దోమలపెంట, వటవర్లపల్లి, సోమవారం మధ్యాహ్నం

డ్యామ్ దిగి కృష్ణ దాటితే తెలంగాణ. అడవి అదే, మాట తీరు మారింది. దోమలపెంట చెక్‌పోస్టులో రసీదు తీసుకుని, కారులో నీళ్ళ సీసాలున్నాయా అని వెతికారు. అమ్రాబాద్ రిజర్వ్‌లో 2024 జులై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది. రోడ్డు పక్కన ఇద్దరు చెంచు ఆడవాళ్ళు గోనెసంచులతో సీసాలు ఏరుతున్నారు. పొద్దున్నుంచీ ఎన్ని సంచులు నిండాయని అడిగితే, "శని ఆదివారాలైతే సంచులు సరిపోవు, ఇయ్యాల నయం" అంది ఒకామె. కోతులకి అరటిపళ్ళు వేయడానికి ఆగిన ఒక కారువాళ్ళని ఆమె లేచి వెళ్ళి గట్టిగానే కసిరింది. "ఏస్తే రోడ్డు మీదికొస్తయ్, బండ్ల కింద పడి సస్తయ్. పున్యం గాదు సార్ అది." వాళ్ళు అద్దం ఎక్కించుకుని వెళ్ళిపోయారు.

వటవర్లపల్లిలో టీ కొట్టు దగ్గర కూర్చున్న తండ్రీ కొడుకుల మధ్య పడ్డాం. గూడేలని అడవి బయటికి తరలించే మాట ఈ వైపు చాలాకాలంగా నడుస్తోంది. 2006లో వన్యప్రాణి చట్టానికి వచ్చిన సవరణ ప్రకారం ఇష్టం లేనివాళ్ళని పులుల అడవిలోంచి కదల్చకూడదు. ఇష్టపడిన కుటుంబానికి ఇచ్చే మొత్తాన్ని 2021లో 10 లక్షల నుంచి 15 లక్షలకి పెంచారు. ఆ సవరణ వచ్చిన 2006లోనే అటవీ హక్కుల చట్టం కూడా వచ్చింది. ఈ రెండు చట్టాల మధ్య నలుగుతున్నది ఈ టీ కొట్టు బెంచీ.

కొడుకు పోదామంటాడు. అతని కూతురికి ఆరేళ్ళు. "దవాఖాన కావాలె, బడి కావాలె. ఈడ సిగ్నల్ కూడ లేదు సార్. రాత్రి తొమ్మిదికి గేటు పడితే, పానం మీదికొస్తే ఎట్ల పోవాలె?" తండ్రి పోనంటాడు. "పదిహేను లక్షలు ఎన్ని దినాలుంటయ్? బండి కొంటడు, తాగుతడు, అయిపోతయ్. పులి ఎన్నడు మమ్మల్ని పొమ్మనలే." కొడుకు: "పులికి మాటలొస్తే గదా." బెంచీ మీద అందరూ నవ్వారు. తండ్రి నవ్వలేదు.

నా అభిప్రాయం అడిగారు. ఊరి నుంచి వచ్చి అరగంట కూర్చున్నవాణ్ణి ఏం చెప్పను? అడిగారు కాబట్టి, పోయేదీ ఉండేదీ గ్రామసభలో మీరే తేల్చుకోవాలి, పోయినా అడవిలో పని, తేనె, గుడి మీద మీ హక్కు కాగితం మీద రాయించుకుని పొండి అన్నాను. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు ఇక్కడివాళ్ళంతా ఒక్కటై వద్దన్నారు, చివరికి అసెంబ్లీ కూడా తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అప్పుడు ఒక్కమాట మీదున్న ఊరు ఇప్పుడు ఇంటింటికీ ఒక మాట మీద ఉంది. తండ్రి టీ డబ్బులు తనే ఇచ్చాడు. ఎంత బతిమాలినా మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

మన్ననూరు, సోమవారం సాయంత్రం

ఫరహాబాద్ వ్యూ పాయింట్ దగ్గర కొద్దిసేపు ఆగి మన్ననూరు చేరాం. అక్కడ సఫారీ గైడుగా పనిచేసే చెంచు కుర్రాడు సలేశ్వరం జాతర ఏర్పాట్ల గురించి మాట్లాడాడు. చైత్ర పౌర్ణమికి లింగమయ్య దర్శనానికి లోయలోకి జనం వేలల్లో దిగుతారు. పూజారులు చెంచులే. పోయిన ఏడాది చెత్త ఎంత వచ్చిందో ఫోటోలు చూపించాడు. ఈసారి తను, తన దోస్తులు కలిసి లోయ దారిలో వంతులేసుకుని నిలబడతారట. ఎవరు చెప్పారు అంటే, "ఎవరు చెప్తరు? మా దేవుడు గదా" అన్నాడు. కూలి ఉంటుందా అని బావ అడిగాడు. అన్నం పెడతారు, మిగతాది తర్వాత చూస్తామన్నారని చెప్పాడు. బావ వెంటనే, ఆ 'తర్వాత' ఏదో ముందే రాయించుకోమని పావుగంట సలహా ఇచ్చాడు. కుర్రాడు ఓపిగ్గా విని, మీరే వచ్చి రాసిపెట్టరాదా సార్ అన్నాడు.

ఖర్చు గురించి అడిగేవాళ్ళ కోసం: పెట్రోలు, గదులు, తిండి అన్నీ కలిపి మనిషికి ఏడు వేల లోపే అయింది. వెళ్ళేవాళ్ళు స్టీలు సీసాలు పట్టుకెళ్ళండి, చిల్లర ఉంచుకోండి, చాలాచోట్ల ఫోన్ పే పనిచేయదు. వానాకాలంలో సఫారీలు మూసేస్తారు. రోడ్డు పక్క తేనె అమ్మేవాళ్ళ దగ్గర కొనొద్దని పెచ్చెర్వులో గట్టిగా చెప్పారు. బావ అప్పటికే కొన్నాడు.

జాతరకి అతను సెలవు పెట్టేశాడు. నాకు ఆఫీసులో ఇంకా ఒప్పుకోలేదు.